మననం అంటే బట్టీ పట్టడమా, ధ్యానమా, మౌనంగా కూర్చోవడమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది మహారాష్ట్ర సరిహద్దులో ధర్మాబాద్ వైపు పల్లె. ఇంట్లో తెలుగు, చదువంతా మరాఠీలో. కాలం చేసిన మీ గురువుగారి జ్ఞాపకార్థం రెండు భాషల్లో ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో మీరు "గురువుగారిని మననం చేసుకుంటూ రెండు నిమిషాలు మౌనం పాటించాం" అని రాస్తే ఒకరు తప్పన్నారు. మననం అంటే బట్టీ పట్టడమని మీ అమ్మగారు, ధ్యానం లాంటిదని మీ స్నేహితుడు చెప్పారు. ఏది నిజం, ఈ మాటను ఎక్కడ వాడాలి అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. విన్నదాన్ని గానీ చదివినదాన్ని గానీ మనసులో నిదానంగా తిరగేస్తూ, ఎందుకు, ఎలా అని తర్కించుకుంటూ, తనకు తేటపడేదాకా వదలకుండా ఆలోచించడం మననం. అది బట్టీ కాదు, ధ్యానం కాదు, మౌనమూ కాదు. మౌనంగా ఉన్నప్పుడు మననం బాగా సాగుతుంది కాబట్టి ఈ రెండు మాటలూ పక్కపక్కన కనిపిస్తాయి, అంతే.

మీ వాక్యంలో "మౌనం పాటించాం" సరిగ్గానే ఉంది. మననం దగ్గరే చిక్కు. మనిషిని స్మరించుకుంటాం. ఆ మనిషి చెప్పిన మాటను మననం చేసుకుంటాం. కాబట్టి "గురువుగారిని స్మరించుకుంటూ రెండు నిమిషాలు మౌనం పాటించాం" అని రాయండి. "గురువుగారి మాటలను మననం చేసుకుంటూ" అన్నా తప్పు లేదు. కాకపోతే ఆ రెండు నిమిషాల్లో మీరంతా ఆయన బోధను గురించి ఆలోచించారని అర్థం వస్తుంది. ఆ రోజు నిజంగా జరిగింది ఏదో మీకే తెలుసు.

నేను మీ జిల్లాలోనే బడిలో సంస్కృతం, మరాఠీ చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లోనూ తెలుగే. తెలుగిళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఈ మాటల దగ్గర ఇబ్బంది ఎక్కడ వస్తుందో దగ్గరగా చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ మాట సంస్కృతంలోని 'మన్' ధాతువు నుంచి వచ్చింది. ఆలోచించడం దాని అర్థం. మనస్సు, మతి, మతం, మంత్రం అన్నీ ఆ కుటుంబానివే. మననం చేసేవాడు ముని. ముని ఉండే స్థితి మౌనం. ఈ చివరి ముక్క చాలామందికి కొత్తగా ఉంటుంది. నోరు మూసుకోవడం అనే అర్థం మౌనానికి తర్వాత గట్టిపడింది. మొదట అది మునికి చెందిన గుణం, అంటే ఆలోచనలో నిలిచి ఉండే గుణం. గీత 17వ అధ్యాయం తీసి చూడండి. మాటకు సంబంధించిన తపస్సు 15వ శ్లోకంలో ఉంది, మనసుకు సంబంధించిన తపస్సు 16లో ఉంది. మౌనాన్ని పెట్టింది 16లో. మాట్లాడకపోవడమే మౌనమైతే దాన్ని 15లో చేర్చాలి కదా! ఈ శ్లోకాలు చెప్పేటప్పుడు పిల్లలకు నేను ముందు ఈ సంగతే చూపించేవాణ్ణి.

మననం అనే మాటకు స్థిరమైన అర్థం ఏర్పడింది వేదాంతంలో. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు తన భార్య మైత్రేయికి చెప్పిన వాక్యం ఉంది: "ఆత్మా వా అరే ద్రష్టవ్యః శ్రోతవ్యో మంతవ్యో నిదిధ్యాసితవ్యః." ఆత్మను చూడాలి, దాన్ని గురించి వినాలి, మననం చేయాలి, నిదిధ్యాసనం చేయాలి అని. శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మనవాళ్లు వరసపెట్టి చెప్పే మూడు మెట్లకు మూలం ఇదే. 14వ శతాబ్దపు విద్యారణ్యులు పంచదశి అనే వేదాంత గ్రంథం మొదటి ప్రకరణంలోనే వీటికి నిర్వచనాలు ఇచ్చారు. వాక్యాల అర్థాన్ని పట్టుకోవడం శ్రవణం. ఆ అర్థం ఎలా కుదురుతుందో యుక్తితో తేల్చుకోవడం మననం. సందేహం తీరాక మనసు అక్కడే నిలబడిపోవడం నిదిధ్యాసనం.

ఇక్కడ 'యుక్తితో' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. మననానికి ప్రాణం అదే. విన్నదాన్ని అలాగే ఒప్పేసుకుంటే మననం అవసరం లేదు. కాదని తోసేస్తే మననానికి చోటే లేదు. విన్నదాన్ని గౌరవిస్తూనే దాన్ని ప్రశ్నించడం మననం.

దీనికి ఛాందోగ్య ఉపనిషత్తులోని ఇంద్ర విరోచనుల కథను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఆత్మను తెలుసుకోవాలని దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు ప్రజాపతి దగ్గరకు వెళ్తారు. 32 ఏళ్లు బ్రహ్మచర్యంలో ఉంటారు. ప్రజాపతి నీళ్ల పాత్రలో చూడమంటాడు. చక్కగా అలంకరించుకుని చూస్తారు, నీళ్లలో అలంకరించుకున్న రూపాలే కనిపిస్తాయి. అదే ఆత్మ అంటాడు ఆయన. ఇద్దరూ సంతోషంగా బయలుదేరుతారు. విరోచనుడు నేరుగా తనవాళ్ల దగ్గరకు వెళ్లి, శరీరమే ఆత్మ, దాన్నే పూజించండి అని చెప్పేస్తాడు. ఇంద్రుడు ఇల్లు చేరకముందే దారిలో ఆలోచనలో పడతాడు. "ఒంటికి నగలు పెడితే నీడకూ నగలొచ్చాయి. మరి ఒంటికి కళ్లు పోతే నీడకూ పోతాయి కదా, ఒళ్లు నశిస్తే అదీ నశిస్తుంది కదా, ఇందులో నాకు మేలేముంది?" అనుకుని సమిధలు చేతపట్టుకుని వెనక్కి వస్తాడు. మళ్లీ 32 ఏళ్లు. ఈసారి కలలో తిరిగేది ఆత్మ అంటాడు ప్రజాపతి. ఇంద్రుడు మళ్లీ సగం దారిలోంచి తిరిగొస్తాడు. ఇంకో 32 ఏళ్లు. గాఢనిద్రలో ఉన్నది ఆత్మ అంటే అప్పుడూ తిరిగొస్తాడు. చివరికి ఇంకో 5 ఏళ్లు ఉంటే అసలు సంగతి చెబుతాడు. మొత్తం 101 ఏళ్లు.

ఇద్దరూ విన్నది ఒకే మాట. శ్రవణంలో తేడా లేదు. దారిలో ఒకడు మననం చేశాడు, ఒకడు చేయలేదు. ఇంద్రుడు కళ్లు మూసుకుని ఎక్కడా కూర్చోలేదు, నడుస్తూనే చేశాడు. అతను చేసింది మననమే అని చెప్పడానికి గుర్తు ఏమిటంటే, అతనిలో ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నను పట్టుకుని చెప్పినవాడి దగ్గరకే తిరిగి వెళ్లాడు.

ఇప్పుడు మీ అమ్మగారి మాటకు వద్దాం. ఆవిడ అన్నది పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. పరీక్షల ముందు "చదివింది ఒకసారి మననం చేసుకో" అని తెలుగువాళ్లు అంటూనే ఉంటారు. అక్కడ మళ్లీ ఒకసారి మనసులో తిప్పుకో అనే అర్థం. వాడుకలో ఇది స్థిరపడింది, తప్పనలేం. అయితే బట్టీ పట్టడానికి, వల్లె వేయడానికి, కంఠతా పట్టడానికి, పునశ్చరణకు తెలుగులో వేరువేరు మాటలు ఉన్నాయి. వేదం చెప్పుకునే చోట గురువు వెంట పలకడాన్ని సంత అంటారు. వీటన్నిటిలోనూ మాట చెదరకుండా నిలబెట్టుకోవడం ముఖ్యం. మననంలో అర్థం ముఖ్యం. మన పిల్లలకు ఇంకో చిక్కుంది. మరాఠీ బడిలో "పాఠ్ కర్" అంటే కంఠతా పట్టు అని. ఇంటికొస్తే తెలుగులో పాఠం అంటే లెసన్. "పాఠం చూసుకో" అని అమ్మ అంటే పిల్లవాడు బట్టీ మొదలుపెడతాడు.

కంఠతా రావడం మననానికి అడ్డమని మాత్రం అనుకోకండి. నోటికి వచ్చి ఉంటేనే పొలంలోనో బస్సులోనో దాన్ని తిరగేసుకోగలం. పుస్తకం చేతిలో ఉంటేనే ఆలోచన సాగుతుందంటే అది పుస్తకం మూసేదాకానే.

నా దగ్గర చదివిన ఒక తెలుగింటి అమ్మాయి సంగతి చెబుతాను. "విద్యా దదాతి వినయం" అనే హితోపదేశ శ్లోకం తడుముకోకుండా అప్పజెప్పింది. విద్య వినయాన్ని ఇస్తుంది, వినయం వల్ల పాత్రత, పాత్రత వల్ల ధనం, ధనం వల్ల ధర్మం, దాని వల్ల సుఖం. అర్థం కూడా చెప్పింది, మార్కులు వేశాను. కొన్నాళ్లకు బడి వదిలాక వచ్చి నిలబడింది. "సర్, మా నాన్నకు వినయం ఉంది. అందరూ మంచోడంటారు. మరి ధనం ఎందుకు రాలేదు?" అని అడిగింది. వాళ్ల నాన్న మిర్చి మార్కెట్లో హమాలీ. నేను వెంటనే జవాబు చెప్పలేదు. పాత్రత అంటే ఏమిటో, పాత్రత ఉన్నవాణ్ణి గుర్తించే బాధ్యత ఎవరిదో ఆలోచించి రమ్మన్నాను. తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. వినయం మనలో ఉంటే సరిపోతుంది కానీ, పాత్రతను ఎదుటివాళ్లు కూడా చూడాలి, శ్లోకం ఆ రెండో పక్క చెప్పకుండా వదిలేసింది అని ఆ పిల్లే తేల్చింది. పద్నాలుగేళ్ల పిల్ల! శ్లోకం అప్పజెప్పిన రోజు ఆమె చేసింది కంఠతా పట్టడం. ఆ ప్రశ్నతో వచ్చిన రోజుకు మననం అయింది.

మీ స్నేహితుడు చెప్పిన ధ్యానం సంగతి. ధ్యానంలో మనసు ఒకచోట నిలుస్తుంది, ప్రశ్నలు సద్దుమణుగుతాయి. మననంలో మనసు కదులుతూనే ఉంటుంది, ఒకే విషయం చుట్టూ కదులుతుంది. అందుకే వేదాంతులు మననాన్ని ముందు పెట్టి, నిదిధ్యాసనాన్ని తర్వాత పెట్టారు. సందేహం మిగిలి ఉండగా కళ్లు మూసుకుంటే ఆ సందేహమే ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

ధ్యానం అనే మాట మన సరిహద్దులో ఇంకా రకరకాలుగా వినబడుతుంది. హిందీలో "ధ్యాన్ దో" అంటే శ్రద్ధ పెట్టు. మరాఠీలో దానికి "లక్ష్ ద్యా" అంటారు. మరాఠీలో ధ్యాన్ అంటే రూపం కూడా. తుకారాం అభంగంలో, అంటే మరాఠీ భక్తిగీతంలో, ఇటుక మీద నిలబడిన విఠోబాను 'సుందరమైన ధ్యానం' అనడంలో అర్థం అదే, ధ్యానించదగ్గ మూర్తి అని. మన పూజల్లో దేవుడి రూపాన్ని వర్ణించే శ్లోకాన్ని ధ్యానశ్లోకం అంటాం కాబట్టి ఆ అర్థం తెలుగువాళ్లకు పరాయిది కాదు. ఇక ధ్యాస. "వాడికి చదువు మీద ధ్యాస లేదు" అంటే తెలుగులో మనసు లేదని. మరాఠీలో ధ్యాస్ అంటే దాని కంటే చాలా గాఢమైనది, పాట నేర్చుకోవాలని ధ్యాస్ పట్టిందంటే రాత్రీపగలూ అదే తపన అని. మరాఠీలో ఆలోచించి తెలుగులో రాసేటప్పుడు "ధ్యాస ఉంది" అంటే చాలా పెద్ద మాట అన్నామనుకుంటాం. తెలుగు పాఠకుడికి అది మామూలు మాటలాగే వినబడుతుంది. అక్కడ తపన అని రాయండి.

మౌనం గురించి ఇంకొక్క మాట. మౌనం మనుషులది, నిశ్శబ్దం చోటుది. "హాలు నిశ్శబ్దంగా ఉంది, అందరూ మౌనంగా ఉన్నారు." కవిత్వంలో కొండలు, చెట్లు మౌనంగా ఉండొచ్చు, మామూలు వచనంలో వద్దు. మౌనం వహించాడు, మౌనం పాటించాడు, మౌనం వీడాడు అన్నవి స్థిరపడిన ప్రయోగాలు. వీటిలో 'వహించడం'లో కావాలనే మాట్లాడలేదనే ధ్వని ఉంది. మౌనం అర్ధాంగీకారం అన్నా, మౌనేన కలహో నాస్తి అన్నా, అక్కడ నోరు విప్పకపోవడం గురించే, ఆలోచన ప్రసక్తి లేదు. దక్షిణామూర్తి విషయంలో మాత్రం పాత అర్థం నిలిచింది. గురువు మౌనమే వ్యాఖ్యానం, దానితోనే శిష్యుల సందేహాలు తెగిపోయాయి అంటారు. ఆ మౌనం నిండా ఆలోచనే ఉంది.

సంస్కృత మాట వద్దు, అచ్చతెలుగు కావాలంటే తలపోయడం ఉంది, నెమరు వేయడం ఉంది. నెమరు వేయడం నాకు చాలా ఇష్టమైన మాట. గొడ్డు పొలంలో గబగబా మేసి, చెట్టు కిందికి వచ్చి పడుకుని, మింగినదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమిలి అరిగించుకుంటుంది. శ్రవణం, మననం రెండూ ఆ పనిలో కనిపిస్తాయి. కానీ నేటి వాడుకలో "జ్ఞాపకాలు నెమరువేసుకున్నారు" అని పాత సంగతులు తలుచుకోవడానికే దాన్ని ఎక్కువగా వాడుతున్నారు.

మన ఇళ్లలో మాట్లాడే తెలుగు తెలంగాణ తెలుగుకు దగ్గర కాబట్టి అదీ చూద్దాం. "మతికి లేదు" అంటాం, గుర్తు లేదని. ఆ మతి మననానికి చుట్టమే. "జర సోంచాయించి చెప్పు" అంటాం, కాస్త ఆలోచించి చెప్పమని. నా ఉద్దేశంలో మననానికి మన నోటిలో ఉన్న అతి దగ్గరి మాట సోంచాయించడమే, వ్యాసంలో రాయకపోయినా మనసులో దాన్ని పెట్టుకుంటే మననం ఎక్కడ నప్పుతుందో తెలిసిపోతుంది. యాదితో మాత్రం జాగ్రత్త. మనకు యాది అంటే జ్ఞాపకం, మరాఠీలో యాదీ అంటే జాబితా. మీ పుస్తకానికి "గురువుగారి యాదిలో" అని పేరు పెడితే, తెలుగు లిపి చదవగలిగే మరాఠీవాళ్లు ఒక క్షణం ఆగిపోతారు.

వాడుకలో నేను పాటించే పరీక్ష ఒకటుంది. "దేన్ని?" అని అడగండి. మననానికి ఎప్పుడూ ఒక విషయం కావాలి. "ఆయన గంటసేపు మననం చేశాడు" అని ఆపేస్తే వాక్యం వెలితిగా ఉంటుంది. దేన్ని మననం చేశాడు? ధ్యానానికి ఆ ఇబ్బంది లేదు, "గంటసేపు ధ్యానం చేశాడు" పూర్తి వాక్యమే. రెండో పరీక్ష: ఆ 'దేన్ని'కి జవాబు మాట, భావం, బోధ, అనుభవం అయితే మననం. మనిషో, దేవుడో, పేరో అయితే స్మరణ. "సేవలను మననం చేసుకున్నారు" అని పేపర్లలో చూసి ఉంటారు. అది సర్దుకుపోయే ప్రయోగం, తప్పుపట్టను. "ఫలానావారిని మననం చేసుకున్నారు" అన్నది మాత్రం నాకు కుదరదు.

కొన్ని మాటలు మననంతో కలిసిపోతుంటాయి. చింత వేరు, చింతన వేరు. చింత బాధ, చింతన ఆలోచన. అంతర్మథనంలో రెండు పక్కల లాగుడు ఉంటుంది, నొప్పి ఉంటుంది. ఏదో తేల్చుకోలేక నలుగుతున్నవాడి గురించి రాసేటప్పుడు అంతర్మథనం అనే రాయండి. మన్నన అసలు వేరే మాట, అది గౌరవం. "పెద్దల మన్ననలు పొందాడు" అనాల్సిన చోట 'మననలు' అని రాసినవాళ్లను చూశాను.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఇది భాషకు మించినది. ఎవరో అన్న మాట గుండెల్లో గుచ్చుకుంటే దాన్నే రాత్రంతా తిప్పుకుంటూ ఉంటాం. దాన్ని మననం అనకండి. అది కుమిలిపోవడం. మననంలో ప్రతి తిరుగుకూ విషయం కొంచెం విడివడుతుంది. కుమిలిపోవడంలో ప్రతి తిరుగుకూ ముడి ఇంకా బిగుసుకుంటుంది. అలాంటప్పుడు ఒంటరిగా మౌనంగా కూర్చోవడం మంచిది కాదు, దగ్గరివాళ్లతో మాట్లాడాలి.

మననం చేయడానికి వేళ, చోటు ఉండాలా అని కూడా అడిగారు. నియమమేమీ లేదు. కురుక్షేత్రం తర్వాత ప్రశాంతమైన చోటు వెతుక్కుంటూ వ్యాసుడు గోదావరి ఒడ్డుకు వచ్చాడని బాసర స్థలపురాణం చెబుతుంది. మన ఊళ్లవాళ్లకు బాసర పక్కనే, చాలామంది పిల్లలకు అక్షరాభ్యాసం అక్కడే. అలాంటి చోటు దొరికితే మంచిదే. కానీ మన పల్లెల్లో హరినామ సప్తాహం జరిగేటప్పుడు చూడండి. పొద్దున గీతకు మరాఠీ వ్యాఖ్య అయిన జ్ఞానేశ్వరి పారాయణ, రాత్రి కీర్తన. కీర్తనకారుడు ఒక అభంగం తీసుకుని దాని అర్థం వివరిస్తాడు. అక్కడిదాకా మనది శ్రవణమే. మర్నాడు పత్తి ఏరుతూ ఆ అభంగంలో ఒక ముక్క గురించి పక్క సాలులో ఉన్నవాళ్లతో వాదించే ఆడవాళ్లు మా పల్లెలో ఉన్నారు. మననం వాళ్ల దగ్గర సాగుతోందని నేను నమ్ముతాను. మరాఠీ సంతుడు సమర్థ రామదాసస్వామి కూడా తన దాసబోధలో శ్రవణాన్ని, మననాన్ని జంటగానే చెప్పారు.

ఇక మీ పుస్తకంలో మరాఠీ భాగం. అక్కడ గురువుగారి విషయంలో 'స్మరణ్' వాడండి, సభ గురించి 'మౌన్ పాళలే' అని రాయండి, మన 'మౌనం పాటించాం'కు అది సరిగ్గా సరిపోతుంది. ఆయన బోధను గురించి రాసేచోట 'మనన్' ఒక్కటీ వేయడం కన్నా 'చింతన్-మనన్' అని జంటగా వేస్తే మరాఠీవాళ్ల చెవికి సహజంగా ఉంటుంది. తెలుగు భాగంలో ఆ జంటను అలాగే దింపకండి, మననం ఒక్కటే చాలు. పుస్తకం ప్రెస్సుకు వెళ్లేముందు తెలుగు పేజీలు ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.